ఎర్రకోటు కోసిన మధ్యాహ్నం

ఈ మధ్యే జరిగింది. బాపట్లలో మా వీధి చివర మందుల షాపు ముందు, పార్సిళ్లు పంచే కుర్రాడొకడు బండి మీంచి పక్కకి ఒరిగి పడిపోయాడు. మిట్టమధ్యాహ్నం. వడగాలులు వీస్తాయి, బయటికి రావద్దు అని పొద్దున్నే అందరి ఫోన్లకీ మెసేజ్ వచ్చింది. ఆ కుర్రాడికీ వచ్చే ఉంటుంది. కానీ పార్సిళ్లు వాటంతటవే ఇళ్లకి నడిచి వెళ్లవు కదా. నేను బీపీ మాత్రల కోసం వెళ్లి షాపు నీడన నిలబడి ఉన్నాను.

క్షణంలో జనం మూగారు. ఒకాయన సోడా తెప్పించి వాడి నోట్లో పోయబోతున్నాడు. ఇంకొకాయన ఫోనులో వీడియో తీస్తున్నాడు. వాడేమో కంపెనీవాళ్లిచ్చిన దళసరి జాకెట్టు మెడ దాకా జిప్పు లాగి వేసుకుని, హెల్మెట్‌తో సహా అలాగే పడి ఉన్నాడు. నాకెక్కడి నుంచి వచ్చిందో ఆ గొంతు! "సోడా అవతల పెట్టండి! స్పృహ లేనివాడి నోట్లో ఏదీ పొయ్యకండి! ముందు ఆ హెల్మెట్ తియ్యండి, జాకెట్టు విప్పండి. జిప్పు రాకపోతే కోసెయ్యండి! నీళ్లు తెండి, ఒంటి మీద పొయ్యండి. మీరేంటి బాబూ, ఆ ఫోనుతో అంబులెన్సుకి చెయ్యండి!" అని అరిచాను. షాపతను కత్తెర తెచ్చాడు. నలుగురూ తలో చెయ్యి వేశారు. అంబులెన్సు వచ్చేసరికి కుర్రాడు కళ్లు తెరిచి మూలుగుతున్నాడు.

వాణ్ని ఎక్కించి పంపాక సోడా ఆయన నా వంక చూసి, "మామ్మగారూ, మీరు నర్సుగా చేశారాండి?" అని అడిగాడు.

"కాదు బాబూ. నేను తెనాలి బ్యాండు మాస్టరుగారి కూతుర్ని" అన్నాను.

ఆయనకేమీ అర్థం కాలేదు. ఎండదెబ్బకి ఈవిడకీ కాస్త తేడా చేసిందేమో అనుకుని ఉంటాడు. పోనీలెండి. మీకైనా అర్థమయ్యేట్టు చెప్తాను.

మా తాత కాలం నుంచీ మాది పెళ్లి బ్యాండు. తెనాలిలో మా ఇంటి ముందుగది నిండా వాయిద్యాలే. మూల పెద్ద డ్రమ్ము, దాని మీద చిన్న డ్రమ్ములు, గోడ మేకులకి బాకాలు. నాన్న వాయించే క్లారినెట్టు మాత్రం మఖమల్ గుడ్డలో చుట్టి బీరువాలో ఉండేది. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. నోటితో అబ్బా అని పిలిచినా కాగితం మీద పెట్టేసరికి నాకు నాన్న అనే వస్తుంది.

ఆ గది వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. చింతపండు గుజ్జుతో బాకాలు తోమిన పులుపు వాసన, ట్రంకుపెట్టెలో కలరా ఉండల వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ కాగే వాసన. పెళ్లిళ్ల రోజుల్లో వీటన్నిటి మీదా పులిహోర వాసన. పెళ్లివారు భోజనాలు పెట్టడమే కాకుండా ఇంటికి కూడా అరిటాకు పొట్లాలు కట్టి ఇచ్చేవారు. నిమ్మకాయ పులిహోర, బూరెలు, కాస్త నలిగిన అరటిపండు. మేం పిల్లలం ఆ పొట్లాల కోసం అరుగు మీద కాపు కాసేవాళ్లం. చిచ్చా, అంటే మా చిన్నాన్న, బాకా వాయించేవాడు. ఒకసారి మా తమ్ముడు వేరుశనగ గుళ్లు దొంగిలించి ఆ బాకా గొట్టంలో దాచాడు. సాయంత్రం సాధనలో చిచ్చా బలంగా ఊదేసరికి ఆ గుళ్లన్నీ ఎగిరి వెళ్లి నమాజు చాప మీద కూర్చున్న మా నాన్నమ్మ దాదీమా మీద పడ్డాయి. దాదీమా తస్బీ పూసల లెక్క తప్పింది, తమ్ముడి చెవి ఎర్రబడింది. నాన్న మాత్రం మొహం తిప్పుకుని నవ్వడం నేను చూశాను.

ఇక కోటు. మా బ్యాండుకి పేరంతా ఆ కోటుతోనే. మందపాటి ఎర్ర గుడ్డ, లోపల లైనింగు, భుజాల మీద జరీ కుచ్చులు, మెడ దాకా ఇత్తడి గుండీలు, మెడ దగ్గర రెండు కొక్కేలు. అన్నీ అమ్మ కుట్టినవే. కాలితో తొక్కే మిషను మీద ఆ మందం గుడ్డ లాగడానికి ఆవిడ ఎన్ని సూదులు విరగ్గొట్టిందో! ఆవిడ కుట్టిన గుండీ ఊడిందని ఎవరూ అనగా వినలేదు. పటకారు పెట్టి లాగినా రావు.

ఆ కోటు ఎందుకంత ముఖ్యమో దాదీమా చెప్పేది. మా తాత మొదట్లో లుంగీ బనీనుతో వాయించేవారట. "ఒరేయ్, మేళపోళ్లని ఆ పక్కకి పొమ్మనండ్రా" అనేవారట పెళ్లివారు. ఒక పెళ్లిలో పశువుల కొట్టం పక్కన ఆకులేసి భోజనం పెడితే, తాత తినకుండా లేచి వచ్చేశారట. ఇంటికొచ్చి దాదీమా వెండి కాళ్లపట్టీలు అడిగి పుచ్చుకుని ఎర్రగుడ్డ కొన్నారు. "కోటు తొడిగాకే మీ తాతకి గారు అనే మాట వచ్చింది. మాస్టరుగారూ, రండి, కూర్చోండి అన్నారు" అని చెప్పేటప్పుడు దాదీమా వీపు నిటారుగా అయ్యేది.

అందుకే నాన్నకి ఆ కోటు విషయంలో పట్టుదల ఎక్కువ. తాళి కట్టేదాకా ఎవరూ ఒక్క గుండీ విప్పడానికి వీల్లేదు. యూనిఫాంలో ఉండగా రోడ్డు మీద కనిపిస్తే ఇంట్లోవాళ్లెవరూ పలకరించకూడదు. పనిలో ఉన్నాడు కాబట్టి ఆయన అప్పుడు నాన్న కాదు, మాస్టరు. మరో అలవాటు కూడా ఉండేది, అన్ని బ్యాండ్లలోనూ ఉండేది. ఊరేగింపుకి ముందు నీళ్లు తాగరు. గొంతు తడుపుకుంటారు, అంతే. కడుపులో నీళ్లుంటే ఊదేటప్పుడు కదులుతాయి, పైగా ఊరేగింపు మధ్యలో పక్కకి వెళ్లడానికి కుదరదు. ఊదేవాళ్లు ఒంట్లో నీళ్లు లేకుండా, దుప్పటంత కోటు బిగించుకుని, రోహిణి కార్తె ఎండలో నడిచేవాళ్లన్న మాట. తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్లు జలదరిస్తుంది గానీ, అప్పుడు అది గొప్ప. చెమటలు కారుతున్నా రాగం చెదరకూడదు.

కోటుని ఉతకడం కుదరదు. విప్పగానే తిరగేసి తాడు మీద ఆరేసేవాళ్లం. ఆరేసరికి వీపు మీద ఉప్పు తెల్లగా పేరుకునేది. అమ్మ ఆ మరకలు చూసే ఏది ఎవరి కోటో చెప్పేసేది. చిచ్చాకి చంకల్లో, డ్రమ్ము వాయించే మామూకి వీపు మధ్యలో. నాన్నకి ముందు మెడపట్టీ తడుస్తుంది, తర్వాతే తక్కినది. తడిగుడ్డతో ఆ ఉప్పు తుడుస్తూ అమ్మ, "ఈ మనుషుల్ని ఊరగాయ పెట్టుకోవచ్చు" అనేది.

ఆ ఏడు మూఢం వచ్చి చాలాకాలం ముహూర్తాలు లేవు. ఇంట్లో అందరూ ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు. మూఢం విడవగానే పెళ్లిళ్లన్నీ మే నెలలో మీద పడ్డాయి. రాత్రి వేమూరులో పెళ్లి, తెల్లారి సంగం జాగర్లమూడిలో గృహప్రవేశం, మధ్యాహ్నానికి మళ్లీ ఊళ్లో ఊరేగింపు. నాన్నకి కంటి మీద కునుకు లేదు. ఇక ఎండంటే, ఆ ఏడాది ఎండలాంటిది మళ్లీ చూడలేదనిపిస్తుంది. తారురోడ్డు మెత్తబడి చెప్పులు అతుక్కుపోయేవి. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. ఇంటింటా డ్రమ్ముల్లో పట్టుకుని, మూతలు వేసి, బంగారంలా చూసుకునేవాళ్లం.

ఆ రోజు పెళ్లి నందివెలుగు రైతు కూతురిది. పట్టపగలు ముహూర్తం. మగపెళ్లివారి విడిది స్టేషను వైపు, కళ్యాణ మండపం ఇవతల. మధ్యలో మా వీధి మీంచే రావాలి.

పొద్దున్న నాన్న ఉప్మా ముట్టలేదు. తల పగిలిపోతోందన్నాడు. అమ్మ మజ్జిగలో ఉప్పేసి, ఉల్లిపాయ ముక్కలు వేసి గ్లాసు అందించింది. ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేశాడు.

"అంతా తాగండి" అంది అమ్మ.

"ఊదాలి. చాలు."

"ఒళ్లు చూడండి ఎలా కాలుతోందో. మీ తమ్ముణ్ని ముందుండమనండి, ఇవాళ్టికి పడుకోండి."

"ఆడపిల్ల తండ్రికి మాటిచ్చాను. క్లారినెట్టు లేకుండా పెళ్లికొడుకుని తీసుకెళ్తే ఏం బాగుంటుంది?" అని, మెడ కొక్కేలు తనే బిగించుకుని వెళ్లాడు.

మధ్యాహ్నం డ్రమ్ముల చప్పుడు వినబడగానే మేం పిల్లలం అరుగెక్కాం. అమ్మ ఎవరిదో జాకెట్టు ముక్క కత్తిరిస్తున్నది కాస్తా లేచి, పెద్ద కత్తెర చేతిలో ఉండగానే వచ్చి గుమ్మం కర్టెను వెనక నిలబడింది. ఎప్పుడూ అంతే, కర్టెను సందులోంచి చూసేది, ఆయన కంటబడేది కాదు. ముందు ఇద్దరు డ్రమ్ములవాళ్లు, తర్వాత నాన్న, పక్కన చిచ్చా, వెనక తక్కినవాళ్లు. వాళ్ల వెనక పూలు కట్టిన తెల్ల అంబాసిడరులో పెళ్లికొడుకు. పక్కన గొడుగులు పట్టుకుని పెళ్లివారు. ఆ వెనక రిక్షాలో ఐసు పెట్టెలూ కూల్‌డ్రింకు కేసులూ. పెట్టెలోంచి రంపపు పొట్టు రాలుతోంది.

పాట సగంలో ఉంది. చరణం దాకా వచ్చి నాన్న మళ్లీ పల్లవికి వెళ్లాడు. చిచ్చా వింతగా చూసి తనూ వెనక్కి వెళ్లాడు. మళ్లీ చరణం, మళ్లీ పల్లవి. నాన్నకి దారి తెలియకపోవడం అనేది అంతకుముందు ఎప్పుడూ లేదు. నడక కూడా నిటారుగా కాక ఎడమ వైపు మురిక్కాలవ మీదకి పోతోంది. మొహం కందగడ్డలా ఉంది.

నా వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. "మెడపట్టీ తడవలేదు."

అందరి కోట్లూ తడిసి ముద్దయ్యాయి. నాన్న ఒక్కడి కోటు మాత్రం పొద్దున ఇస్త్రీ చేసినట్టు పొడిగా ఉంది. నాకది మంచిదే కదా అనిపించింది. అమ్మకి అనిపించలేదు, అంత ఎండలో ఆయనకి చెమట ఆగిపోయిందని అర్థమైంది. ఆవిడ కర్టెను తోసుకుని, బుర్ఖా మాట మర్చిపోయి, కాళ్లకి చెప్పుల్లేకుండా, కత్తెరతో సహా ఆ రోడ్డు మీదకి పరిగెత్తింది. ఆవిడ గుమ్మం దాటేసరికే నాన్న మోకాళ్ల మీద కూలి, అలాగే ముందుకి పడిపోయాడు. క్లారినెట్టు దొర్లుకుంటూ వెళ్లి పెళ్లికొడుకు కారు చక్రం దగ్గర ఆగింది.

మనుషులు మూగడం అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఒకాయన ఫిట్స్ అని తాళాలగుత్తి తీసి నాన్న గుప్పిట్లో పెట్టాడు, ఒళ్లంతా కొట్టుకుంటోంది మరి. ఇంకొకరు గోళీసోడా కొట్టి నోటి దగ్గర పెట్టారు. గొడుగు కిందనుంచి ఎవరో, "పొద్దున్నే మందు ఎక్కువై ఉంటుందిలెండి, బ్యాండువాళ్ల సంగతి తెలిసిందే కదా" అన్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషిని! అమ్మ ఆ మాట విన్నది. నేను ఆవిడ మొహం చూశాను. జవాబు చెప్పే తీరిక ఆవిడకి లేదు.

సోడా బుడ్డిని చేత్తో తోసేసి నాన్నని పక్కకి తిప్పింది. చిచ్చా గుండీలు విప్పబోతున్నాడు. రావు. కంగారుగా లాగితే అమ్మ కుట్టిన గుండీలు ఎక్కడ వస్తాయి? మెడ దగ్గర కొక్కేలు అసలే రావు. నాన్న గొంతులో గురక లాంటి చప్పుడు మొదలైంది. అమ్మ చిచ్చా చేతులు పక్కకి నెట్టి కోటు అంచు పట్టుకుని కత్తెర పెట్టింది.

"భాభీ! కోటు!" అని అరిచాడు చిచ్చా. నిజంగానే అరిచాడు. ఎదురుగా అన్న చచ్చిపోతున్నా చిచ్చాకి ఆ క్షణంలో కోటే కనబడింది. అంత గౌరవం దానికి.

"కోటు మళ్లీ కుడతానయ్యా. మీ అన్నని కుట్టలేను కదా!" అంది అమ్మ. అంటూనే కింద నుంచి మెడ దాకా నిలువునా కోసింది. గుడ్డ, లైనింగు, జరీ, కొక్కేలు, లోపల బనీను, అన్నీ. తను రాత్రిళ్లు కూర్చుని కుట్టినదే. ఆ కత్తెర కరకరలాడిన చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది.

"నీళ్లు!" అంది ఆవిడ తలెత్తి.

ముందు కదిలింది పక్కింటి అత్తయ్యగారు. ఇత్తడి బిందెతో, మడి గిడి చూడకుండా, తాగే నీళ్లు తెచ్చి నాన్న గుండెల మీద కుమ్మరించింది. తర్వాత ఎవరు ఎవరో లెక్కలేదు. ప్రతి ఇంట్లోంచీ బిందెలు, బకెట్లు, చెంబులు. మర్నాటి దాకా కుళాయి రాదని అందరికీ తెలుసు. పిల్లలకి దాచుకున్న నీళ్లు కూడా మా నాన్న మీద పోశారు. నేనూ మా డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా చెంబుతో మోశాను. మా వీధి ఎలాంటిదని ఎవరైనా అడిగితే నేను ఆ తడిసిన తారురోడ్డు గురించే చెప్తాను.

పెళ్లికూతురి తండ్రి ఎదురుకోలుకి వచ్చినవాడు అక్కడే ఉన్నాడు. నందివెలుగు రైతు, భారీ మనిషి. కొత్త పట్టు ఉత్తరీయం తీసి బకెట్లో ముంచి నాన్న మీద కప్పి, ఇంకో కండువాతో విసరడం మొదలుపెట్టాడు. "ఏంటలా చూస్తారు? ఆ ఐసు పగలగొట్టండి!" అని గదిమాడు. రిక్షాలో ఐసు పగలగొట్టి, గుడ్డల్లో చుట్టి, చంకల్లో, మెడ పక్కల పెట్టారు. అప్పుడాయన కారు వైపు తిరిగి, "అబ్బాయ్, నువ్వు కాస్త దిగాలి. మాస్టరుగారిని ఆస్పత్రికి పంపుదాం" అన్నాడు.

మగపెళ్లివారిలో ఎవరో, "ముహూర్తం టైమండీ" అని నసిగారు.

"మండపం ఎంత దూరమండి? నడుద్దాం. నా కూతురి పెళ్లికి వాయించడానికి వచ్చి మనిషి పోతే ఆ ముహూర్తం ఏం చేసుకోను?" అన్నాడాయన.

పెళ్లికొడుకు వెంటనే దిగాడు. బాసికం కట్టుకున్న నుదుటితోనే వంగి నాన్న కాళ్లు పట్టి కార్లోకి ఎక్కించాడు. నాలుగు అద్దాలూ దించి, మల్లెపూల దండలు వేలాడే ఆ కారులో, చినిగిన ఎర్రకోటూ తడి పట్టు ఉత్తరీయంతో నాన్న, ఆయన తల ఒళ్లో పెట్టుకుని కొంగుతో విసురుతూ అమ్మ, అలా వెళ్లారు. దారిలో జనం పెళ్లికారని పక్కకి తప్పుకున్నారట.

మిగిలిన బ్యాండువాళ్లు రోడ్డు మీద బిక్కచచ్చి నిలబడ్డారు. పెళ్లికూతురి తండ్రి వాళ్లని చూసి, "ముందు మీరంతా ఆ కోట్లు విప్పండయ్యా. విప్పి నీళ్లు తాగండి. నా పెళ్లిలో మీ గౌరవానికి నేనున్నా" అన్నాడు. చిచ్చా ఏడుస్తూనే గుండీలు విప్పాడు. ఆ పెళ్లికి మా బ్యాండు బనీన్లతో వాయించింది. పెళ్లికొడుకు ఎండలో నడిచి వెళ్లాడు.

ఆస్పత్రిలో డాక్టరుగారు నాన్నని చూసి, ముందే చల్లబరిచి తెచ్చారు కాబట్టి ఆశ ఉందన్నారు. మర్నాటికి గానీ మనిషి మాటల్లో పడలేదు. కళ్లు తెరవగానే అడిగిన మొదటి మాట, "తాళి కట్టారా?" కట్టారని చిచ్చా చెప్పాడు. రెండో మాట, "కోటేది?" చిచ్చా అమ్మ వంక చూశాడు. అమ్మే, "కోసేశాను" అంది.

నాన్న ఇంటికొచ్చాక గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఒళ్లు తేరుకుంటోంది, మనసు తేరుకోలేదు. బజారులో, బ్యాండు మాస్టరు తాగి పడిపోయాడు, పెళ్లాం బట్టలు చింపేసింది అని పుకారు లేచింది. అది ఆయన చెవిన కూడా పడింది. తాత కష్టపడి తొడిగిన కోటు, నలుగురిలో, తన ఒంటి మీదే తెగిపోయింది. ఆయన అమ్మని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అన్నం పెడితే తినేవాడు, పలకరిస్తే ఊఁ అనేవాడు. క్లారినెట్టు బీరువాలోంచి తీయలేదు. బ్యాండువాళ్లు పొద్దున్నే వచ్చి, ఆయన మొహం చూసి, టీ తాగి వెళ్లిపోయేవారు. నాన్న ఇక వాయించడేమో, బ్యాండు మూతపడుతుందేమో అని ఇంట్లో అందరికీ లోలోపల భయం.

దాదీమా ఏమంటుందోనని నేను కాచుకుని ఉన్నాను. ఆ కోటు ఆవిడ కాళ్లపట్టీలు కదా. ఒకరోజు అమ్మ కూరలు తరుగుతుంటే దాదీమా పక్కన చతికిలబడి, "పోయినాయన ఉంటే నీకు సలాం చేసేవాడు" అంది. అంతే అంది. అమ్మ కత్తిపీట ఆపి కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలు కావు, బెండకాయలు.

తర్వాత అమ్మ బజారుకెళ్లి పల్చటి తెల్ల నూలుగుడ్డ తెచ్చింది. పొట్టి చేతులు, వదులు మెడ, అంచున ఎర్ర పట్టీ. అందరికీ కుట్టింది. నాన్న ఒకటి చేతిలోకి తీసుకుని చూసి, "ఇవి వేసుకుని వెళ్తే హోటల్లో సర్వర్లనుకుంటారు. రెండిడ్లీ తెమ్మంటారు" అన్నాడు. ఆయన అన్ని మాటలు కలిపి మాట్లాడటమే గొప్ప అనుకుని అమ్మ వాటిని మడతపెట్టింది.

రేపల్లె నుంచి కబురొచ్చింది. పెద్దింటి పెళ్లి, ఎప్పుడో మాటిచ్చినది. మాట తప్పడం నాన్నకి చేతకాదు. మా అమ్మమ్మగారిల్లు రేపల్లెలోనే కాబట్టి అమ్మా నేనూ కూడా బయల్దేరాం. తెనాలిలో పాసింజరెక్కి, డ్రమ్ములు సీట్ల మధ్య ఇరికించి, కిటికీలోంచి వేడిగాలి కొడుతుంటే తాటిముంజలు తింటూ వెళ్లాం. ట్రంకుపెట్టెలు రెండూ నాన్న కాళ్ల దగ్గరే ఉన్నాయి. ఒకదాంట్లో ఎర్రకోట్లు. నాన్నది కూడా, చిచ్చా పట్టుబట్టి బజారు దర్జీ చేత అతికించాడు. రెండోదాంట్లో తెల్లచొక్కాలు. ఏది తెరుస్తాడో ఆయన చెప్పలేదు, అమ్మ అడగలేదు. స్టేషనులో దిగి ఆవిడ అమ్మమ్మగారింటికి వెళ్లిపోయింది. పెళ్లి చూస్తానని మారాం చేసి నేను నాన్న వెంట పడ్డాను.

పెళ్లింటి పందిట్లో ఎండ అప్పుడే చుర్రుమంటోంది. బ్యాండువాళ్లు పక్కగదిలో దుస్తులు మార్చుకుని బయటికొచ్చారు. తెల్లచొక్కాలతో! అందరి ముందూ నాన్న.  ఇంటి పెద్దాయన, తెల్లటి మీసాలాయన, అరుగు మీద పడకకుర్చీలో కూర్చుని ఉన్నాడు. నాన్నని పైనుంచి కిందికి చూశాడు.

"ఏంటి మాస్టారూ, కోట్లేవి? తెనాలి బ్యాండంటే ఎర్రకోట్లని మా వియ్యాలవారికి గొప్పగా చెప్పుకున్నానే!" అన్నాడు.

పందిట్లో అందరూ ఇటు తిరిగారు. చిచ్చా నేలచూపులు చూశాడు. కోట్లు చాకలికి వేశామనో, ఇంకో బ్యాండుకిచ్చామనో చెప్పి తప్పించుకోవచ్చు. నాన్న క్లారినెట్టు చంకలో పెట్టుకుని, గొంతు సవరించుకుని, పందిరంతా వినబడేట్టు చెప్పాడు.

"మా ఆవిడ కోసేసిందండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న ఆ వైపు తిరిగి మళ్లీ చెప్పాడు. "ఎండదెబ్బకి రోడ్డు మీద పడిపోయానండి. తాగానన్నారు, ఫిట్సన్నారు. ఆవిడ ఒక్కతే పోల్చింది. కత్తెరతో కోటు నిలువునా కోసి, నీళ్లు పోయించి, నన్ను బతికించిందండి. ఇక ఎండాకాలంలో మా బ్యాండుకి ఇదే యూనిఫాం. ఇదీ ఆవిడ కుట్టిందే. ఇంకో సంగతండి. నీళ్లు తాగందే మావాళ్లు ఇక ఊరేగింపులో అడుగు పెట్టరు."

పెద్దాయన ఆ తెల్లచొక్కాల వంక మళ్లీ ఒకసారి చూశాడు. మీసం సవరించుకున్నాడు. తర్వాత లోపలికి కేకేశాడు. "ఒసేయ్, మాస్టరుగారికీ వాళ్లవాళ్లకీ మజ్జిగ తీసుకురావే. పెద్ద గ్లాసులతో!"

గారు అన్నాడు. తెల్లచొక్కాకి కూడా గారు వచ్చింది. ఆ రోజు నాన్న వాయించిన తీరు నేను చెప్తే కూతురు కాబట్టి చెప్తోందంటారు, అందుకని చెప్పను.

ఊరేగింపు కదలగానే నేను అమ్మమ్మగారింటికి పరిగెత్తాను. అమ్మ పెరట్లో గిలకబావి దగ్గర నీళ్లు తోడుతోంది. ఆయాసపడుతూనే నాన్న అన్న మాటలు అన్నీ అప్పజెప్పాను. చేద చేతిలోనే ఉండిపోయింది.

"అందరి ముందా?" అంది.

"అందరి ముందే."

"తల వంచుకుని అన్నారా?"

"లేదమ్మా. తలెత్తి అన్నారు. నవ్వినవాళ్ల వైపు తిరిగి మళ్లీ అన్నారు."

అమ్మ బావి చప్టా మీద కూర్చుండిపోయింది. నన్ను దగ్గరికి లాక్కుని, "ఏమన్నారో మళ్లీ మొదట్నుంచీ చెప్పు" అంది. చెప్పాను. సాయంత్రం అమ్మమ్మ ముందు ఇంకోసారి చెప్పించింది. తెనాలి వచ్చాక దాదీమాకి, పక్కింటి అత్తయ్యగారికి, మా వీధి వీధంతటికీ నా చేతే చెప్పించింది. తను పక్కన నిలబడి, తనకేమీ పట్టనట్టు, ఒక్క మాట పోకుండా వినేది. ఇప్పుడు అమ్మా నాన్నా ఇద్దరూ లేరు. నేను మాత్రం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇంకా చెబుతూనే ఉన్నాను.